నిన్న సాయంత్రమే వెళ్ళిపోయాడు

ఉదయం ఐదు నలభైకి కొండ మీది హోటల్ సెల్లార్‌లో, ఆగి ఉన్న కారు ముందు సీటులో ఒక డ్రైవర్ చనిపోయి కనిపించాడు. మొదట చూసింది హోటల్ వాచ్‌మన్. కారు అద్దాలు మూసి ఉన్నాయి. ఇంజన్ నడుస్తోంది. హీటర్ తిరుగుతోంది. డ్రైవర్ సీటు వెనక్కి వాల్చుకుని, బూట్లు విప్పి బ్రేకు పక్కన పెట్టుకుని, చేతులు చంకల్లో దూర్చుకుని పడుకున్నాడు.

వాచ్‌మన్ అద్దం మీద తట్టాడు.

"అన్నా, పార్టీ ఏడింటికి కదా. లే."

మళ్ళీ తట్టాడు. అటువైపు తిరిగి వెళ్ళి తలుపు లాగితే తెరుచుకుంది. లోపలి గాలి మొహానికి కొట్టి, దగ్గుతూ ఇవతలికి వచ్చేశాడు.

ఆ హోటల్లో డ్రైవర్లకి ఒక గది ఉంది. సెల్లార్ మెట్లు దిగగానే ఎడమవైపు. తలుపు మీద 'డ్రైవర్ల విశ్రాంతి గది' అని బోర్డు, మెట్ల పైన బాణం గుర్తుతో ఇంకో బోర్డు. హోటల్‌కి పైగ్రేడు రావాలంటే అలాంటి గది ఉండాలని నిబంధన. తనిఖీ జరిగిన రోజు ఆ గదిలో మంచాలున్నాయి. ఆ తర్వాత నుంచి ఫంక్షన్ హాలు కుర్చీలు ఉంటున్నాయి. డ్రైవర్లు కార్లలో పడుకుంటారు. చలికాలం ఆ కొండ మీద హీటర్ లేకుండా కారులో ఎవరూ నిద్రపోలేరు. ఆరుబయట ఆపుకుంటే పొగ గాలికి పోతుంది. ఆ రోజు బయటి స్థలమంతా టూరిస్టు బస్సులతో నిండిపోయింది. చిన్న బళ్ళని హోటల్ వాళ్ళు సెల్లార్‌లోకి పంపారు.

చనిపోయిన డ్రైవర్ని తోటి డ్రైవర్లు నిదానం అని పిలిచేవాళ్ళు. ఘాట్ రోడ్డు మీద వెనకనుంచి ఎవరైనా హారన్ మీద హారన్ కొడితే పక్కకి తీసి, "వెళ్ళు బాబూ, వెళ్ళు, కొండ పారిపోతోంది, వెళ్ళి పట్టుకో" అనేవాడు. అతని భార్య తమ్ముడు కూడా అదే ఏజెన్సీలో డ్రైవర్. అతన్ని తొందర అనేవాళ్ళు. ఒకే ఇంట్లో బ్రేకూ యాక్సిలేటరూ ఎలా కుదిరాయిరా అని ఎవరైనా అడిగితే, "మధ్యలో క్లచ్ మా అక్క" అనేవాడు తొందర.

ఆ ఉదయం తొందర అదే ఊళ్ళో, బస్టాండ్ పక్కన తన బండిలో ఉన్నాడు. ముందు రోజు తన బండి మాట్లాడుకున్న టూరిస్టు పార్టీని అక్కడ దింపేశాడు. ఖాళీ బండితో కిందికి దిగడం ఎందుకని ఆగిపోయాడు. ఏజెన్సీ యజమాని ఫోన్ చేసేసరికి ఆరు దాటింది. తొందర ఆస్పత్రికి వెళ్ళేసరికి హోటల్ వ్యాన్ నిదానాన్ని అక్కడ దింపి వెళ్ళిపోయింది. డ్యూటీ డాక్టర్ దుప్పటి తీసి చూపించాడు. కాళ్ళకి మేజోళ్ళున్నాయి. ఎడమ కాలి మేజోడుకి బొటనవేలి దగ్గర అక్క వేసిన కుట్టు ఉంది.

యజమాని మళ్ళీ ఫోన్ చేశాడు.

"చూశావా?"

"చూశాను సార్."

"జరగరానిది జరిగిపోయింది. మీ అక్కకి నేనున్నాను, నీకు నేనున్నాను. సరేనా? ఇప్పుడు మాట విను. ఆ పార్టీకి మధ్యాహ్నం ఫ్లైట్. సీజన్‌లో ఈ పూటకి కొండ మీద ఇంకో డ్రైవర్ నాకు దొరకడు. నీ బండి అక్కడే ఉంచి, బావ బండిలోనే నువ్వు వాళ్ళని దింపేయ్."

"సార్, మా బావ..."

"బావని అంబులెన్స్‌లో పంపిస్తున్నాను. దాని పక్కన కూర్చుని నువ్వు చేసేదేముంది? ఆయనా కిందికే రావాలి, బండీ కిందికే రావాలి, పార్టీ కూడా కిందికే. అందరిదీ ఒకటే దారి."

తొందర ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఇంకో మాట. పార్టీకి చెప్పకు. ఆ పెద్దావిడ గుండె మనిషి. దారిలో ఏమన్నా అయిందంటే ఇంకో ప్రాణం మన మెడకి చుట్టుకుంటుంది."

"మా అక్కకి?"

"ఇప్పుడే మనిషిని పంపిస్తున్నాను. ఫోన్లో చెప్పే కబురా అది?"

షికారుకొచ్చిన వాళ్ళకి చావు కబురు చెప్పకూడదన్నది అక్కడి డ్రైవర్లందరూ పాటించే మాట. తొందరకి దాన్ని నేర్పింది నిదానమే. ఒక ఏడాది ఘాట్ రోడ్డు మీద బస్సు లోయలో పడి జనం మూగితే, అది సినిమా షూటింగ్ అని చెప్పి తన పార్టీని దాటించాడు. హీరో ఎవరని పార్టీలో ఒకాయన అడిగాడు. కొత్తవాడండీ, పేరు తెలీదు అన్నాడు నిదానం. ఆ రాత్రి అతను అన్నం తినలేదని అక్క చెప్పింది.

తొందర సెల్లార్‌లోకి దిగేసరికి వాచ్‌మన్ కారు దగ్గరే నించుని ఉన్నాడు. ఇంజన్ ఆపేశాడు. తలుపులన్నీ తీసి పెట్టాడు.

తొందర బకెట్టు కోసం చూశాడు. బండి పోర్టికోలోకి వచ్చేముందు కడిగి ఉండాలి. ఏజెన్సీ రూలు అది.

"కడగకు అన్నా," అన్నాడు వాచ్‌మన్.

"ఏడింటికి పార్టీ."

"ఏడు కాకపోతే తొమ్మిదవుతుంది. పోలీసులొచ్చి చూడనీ. బండి ఇక్కడుంది, మనిషి ఇక్కడే పోయాడు అని రాయించు. డ్యూటీలో, హోటల్లో పోయాడని కాగితం మీద పడితేనే అక్కకి ఏదన్నా వస్తుంది. లేకపోతే సున్నా. మా పెదనాన్న కొడుకు విషయంలో చూశాను నేను."

"దింపేసి వచ్చి రాయిస్తాను."

"అప్పటికి ఈ హోటల్ వాళ్ళు ఊరుకుంటారా?"

"నువ్వు చూశావు కదా. నువ్వు చెప్పవా?"

"చెప్పకేం," అన్నాడు వాచ్‌మన్. "కళ్ళారా చూసినవాణ్ణి."

తొందర కారు కడిగాడు. సీటు పైకి లేపాడు. దుప్పటి మడిచి, బూట్లు తీసి, రెండూ డిక్కీలో పెట్టాడు. నిదానం ఫోన్ ముందు స్టాండులో చార్జింగ్‌కి పెట్టి ఉంది. దాన్ని అలాగే వదిలేశాడు. ఏడింటికి పది నిమిషాల ముందు కారు ర్యాంపు ఎక్కించి పోర్టికోలోకి తెచ్చాడు.

పార్టీ అంటే ముగ్గురు. పెద్దావిడ, ఆవిడ కొడుకు, కోడలు. ఐదు రోజులుగా నిదానం బండిలోనే తిరిగారు. పెద్దావిడకి ఘాట్ రోడ్డు పడదు. బయల్దేరిన నాడు ఆవిడ ఒళ్ళో ప్లాస్టిక్ కవర్ పెట్టుకుని కూర్చుంది. నిదానం ప్రతి మలుపుకీ ముందు "మలుపమ్మా, ఎడమకి" అనో "మలుపమ్మా, కుడికి" అనో చెప్తూ ఎక్కించాడు. కవర్ అవసరం పడలేదు.

"మా నాయన ఏడీ?" అంది పెద్దావిడ.

"ఈ రోజుకి నేనొచ్చానమ్మా. ఆయన మా బావే."

"బావా? మరి ఏమైంది ఆయనకి?"

"కొంచెం జ్వరం."

"అయ్యో. చలి కొట్టి ఉంటుంది. ఎక్కడ పడుకున్నాడు? నా దగ్గర మాత్రలున్నాయి, ఇచ్చి వస్తానుండు."

ఆవిడ చేతికర్ర ఆనించుకుంటూ అప్పటికే మెట్ల వైపు తిరిగింది. మెట్ల పైన బాణం గుర్తు బోర్డు ఉంది. ఆవిడ దాన్ని పైకే చదివింది. ఒక కాలు మొదటి మెట్టు మీద వేసింది.

"ఇక్కడ లేడమ్మా," అన్నాడు తొందర. "నిన్న సాయంత్రమే వెళ్ళిపోయాడు. మిమ్మల్ని దింపాక ఒళ్ళు కాలిపోతోందని ఇంటికెళ్ళిపోయాడు."

ఆవిడ ఆగింది.

"ఒక్క మాటైనా చెప్పకుండా?"

"మీరు కంగారు పడతారని."

"చూశావురా," అంది ఆవిడ కొడుకు వైపు తిరిగి. "మనం కంగారు పడతామని చెప్పకుండా వెళ్ళాడట. ఇంట్లోవాళ్ళకి కూడా ఉండదు ఈ ఇంగితం."

"నన్నే లెండి," అంది కోడలు. "పొద్దున్నే మొదటి వడ్డన."

కొడుకు పెట్టెలు తెచ్చి డిక్కీ తెరిచాడు. కాసేపు అలాగే నించున్నాడు. తర్వాత పెట్టెలు సర్ది డిక్కీ మూసి, వచ్చి ముందు సీటులో కూర్చున్నాడు.

తొందర ఆ రోజు నెమ్మదిగా నడిపాడు. మొదటి మలుపు దగ్గర ఏమీ అనలేదు. రెండో మలుపు దగ్గర పెద్దావిడ వెనకనుంచి, "చెప్పాలి నాయనా, చెప్తే నాకు తిరగదు" అంది. ఆ తర్వాత నుంచి అతను కూడా "మలుపమ్మా" అంటూ వచ్చాడు.

"మీ ఇంట్లో అందరూ నిదానమేనా?" అంది ఆవిడ.

"లేదమ్మా. నన్ను తొందర అంటారు."

"మరి ఇవాళేమిటి?"

"బండి ఆయనది కదా."

కోడలు నవ్వింది. కొడుకు నవ్వలేదు.

కొండ సగం దిగాక స్టాండులోని ఫోన్ మోగింది. తెర మీద 'ఇల్లు' అని పడింది. నలుగురూ చూశారు.

"ఫోన్ మర్చిపోయి వెళ్ళాడా పాపం," అంది కోడలు.

"ఇంటినుంచి అంటే ఆయనే చేస్తున్నాడు," అంది పెద్దావిడ. "ఎత్తు నాయనా. ఎలా ఉందో కనుక్కుందాం. నాకివ్వు, నేను మాట్లాడతాను."

ఫోన్ మోగుతోంది. తొందర రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచాడు.

"ఘాట్‌లో ఫోన్ ఎత్తకూడదమ్మా. బావ తిడతాడు."

"అదీ నిజమే," అంది ఆవిడ.

మోగడం ఆగింది. నాలుగు మలుపుల తర్వాత మళ్ళీ మోగింది. కొడుకు చెయ్యి చాపి ఫోన్ గొంతు నొక్కాడు. తెర మాత్రం వెలుగుతూ ఉండి, కాసేపటికి ఆరిపోయింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

అడవి చెక్‌పోస్టు దాటాక వెనక అంబులెన్స్ వచ్చింది. సైరన్ లేదు, దీపం ఒకటే తిరుగుతోంది. తొందర అద్దంలో చూశాడు. ఆస్పత్రి దగ్గర తను నంబరు చూసుకున్న బండే అది. రోడ్డు వారకి తీసి ఆపాడు. అంబులెన్స్ దాటి వెళ్ళింది.

"సైరన్ వేసుకోలేదేమిటి?" అంది కోడలు.

"తొందరేముంది," అంది పెద్దావిడ. "అయిపోయిన మనిషై ఉంటాడు. పాపం, ఎవరి బిడ్డో."

తొందర వెంటనే బండి కదల్చలేదు. ముందు మలుపులో అంబులెన్స్ కనపడకుండా పోయేదాకా ఆగాడు. తర్వాత గేరు వేశాడు.

"మలుపమ్మా," అన్నాడు. ఎటో చెప్పలేదు.

విమానాశ్రయం దగ్గర దింపేచోట కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. కొడుకు పెట్టెలు దించుకున్నాడు. పెద్దావిడ తన చేతిసంచి వెతికి ఊలు మఫ్లర్ తీసింది. కొండ మీద మార్కెట్లో కొన్నది, బూడిదరంగుది, చీటీ కూడా ఊడలేదు.

"వీడికని కొన్నాను. వీడికి ఇంట్లో హీటరుంది. మీ బావకివ్వు. మెడకి చుట్టుకుని పడుకోమను. తగ్గాక నాకు ఫోన్ చెయ్యమను."

తొందర మఫ్లర్ తీసుకున్నాడు.

"అమ్మా," అన్నాడు.

"చెప్పు నాయనా."

వెనక కారు హారన్ కొట్టింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల వేస్తూ, బానెట్ మీద చేత్తో కొట్టాడు. "తియ్యి, తియ్యి, ఇది మీ వాకిలి కాదు!"

"అలాగేనమ్మా, చెప్తాను," అన్నాడు తొందర.

కోడలు కారు కిటికీ దగ్గరికి వంగింది. "మీ ఇద్దరి గురించీ మంచి రివ్యూ రాస్తాం. మీకు పనికొస్తుంది కదా?"

"పనికొస్తుందండీ."

అతను ఇంటికి చేరేసరికి అంబులెన్స్ వచ్చి గంట దాటింది. యజమాని పంపిస్తానన్న మనిషి రాలేదు. వాకిట్లో అంబులెన్స్ ఆగిన చప్పుడు విని, భర్తే వచ్చాడనుకుని అక్క తలుపు తీసింది. ఆవిడ తెలుసుకోవడం అలా తెలుసుకుంది. తమ్ముడు వచ్చేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"రెండుసార్లు చేశానురా," అంది. "మోగింది, ఎత్తలేదు. ఘాట్ దిగుతున్నాడు కాబోలు, అందుకే ఎత్తట్లేదు అనుకున్నాను."

మఫ్లర్ అతని చేతిలోనే ఉంది.

మూడో రోజు అతను కొండ ఎక్కి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు. రిపోర్టు అప్పటికే తయారై ఉంది. వ్యూ పాయింట్ దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారులో అపస్మారక స్థితిలో ఉన్న వ్యక్తిని హోటల్ సిబ్బంది మానవతా దృష్టితో ఆస్పత్రికి చేర్చారని అందులో ఉంది. సెల్లార్ కెమెరాలు ఆ వారం రిపేరులో ఉన్నాయని హోటల్ మేనేజర్ రాసిచ్చాడు. చనిపోయిన రోజు సాయంత్రం ఇంటి దగ్గర్నుంచి తీసుకెళ్ళి కింద ఆస్పత్రిలో పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్, మూసిన కారులో పొగ పీల్చడం వల్ల చనిపోయాడని రాశాడు. ఆ కారు ఎక్కడ ఉందన్నది డాక్టర్ చెప్పగలిగేది కాదు.

"మీరు కారు ఎక్కడ తీసుకున్నారు?" అని ఎస్సై అడిగాడు.

"సెల్లార్‌లో."

"అప్పుడు పోలీసుల్ని ఎందుకు పిలవలేదు?"

"పార్టీకి ఫ్లైట్ ఉంది సార్."

"కడిగారా?"

"కడిగాను."

ఎస్సై పెన్ను మూత పెట్టాడు.

అక్క పేరు మీద కార్మిక శాఖలో దరఖాస్తు పెట్టారు. డ్రైవర్ల సంఘం వాళ్ళు రాసిపెట్టారు. అక్కకి పరిహారం రావాలంటే తేలవలసినవి రెండు. చనిపోయే సమయానికి అతను డ్యూటీలో ఉన్నాడా? ఎక్కడ చనిపోయాడు? రెండోదానికి సాక్షి వాచ్‌మన్. విచారణ రోజు వాచ్‌మన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తను ఆ రోజు సెలవులో ఉన్నానని చెప్పాడు. హాజరు పట్టీ కూడా అదే చెప్పింది.

బయట వరండాలో తొందర అతన్ని ఆపాడు.

"కళ్ళారా చూశానన్నావు కదరా."

"అన్నాను."

"మరి?"

"మా వాడికి అదే హోటల్లో లిఫ్టు దగ్గర పనిచ్చారన్నా." వాచ్‌మన్ చొక్కా బొత్తాం పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నన్ను కొట్టాలనుంటే కొట్టు. ఇక్కడ వద్దు, బయటికి పోదాం పద."

తొందర కొట్టలేదు.

మొదటి ప్రశ్న మధ్యాహ్నం వచ్చింది. యజమాని తరఫు వకీలు ఒక కాగితం కార్మిక శాఖ అధికారి ముందు పెట్టాడు. ఏజెన్సీ వెబ్‌సైట్ నుంచి తీసిన రివ్యూ అది. అధికారి పైకి చదివాడు.

"మా డ్రైవర్ అసలు పేరు అడగనేలేదు, అందరూ నిదానం అంటారు. మా అత్తగారిని కన్నకొడుకులా చూసుకున్నాడు. చివరి రోజుకి ముందు సాయంత్రం జ్వరం రావడంతో ఇంటికి వెళ్ళిపోయాడు. మేం కంగారు పడతామని మాకు చెప్పను కూడా లేదు. మర్నాడు ఉదయానికల్లా ఏజెన్సీ వేరే డ్రైవర్ని పంపింది. ఆయనా అంతే మంచివాడు. మాకు ఏ ఇబ్బందీ కలగలేదు. నిదానం గారు త్వరగా కోలుకోవాలి. ఐదు స్టార్లు."

ముందు రోజు సాయంత్రమే జ్వరమని డ్యూటీ దిగిపోయాడని, ఆ తర్వాత ఏజెన్సీకి చెప్పకుండా బండిని సొంతానికి తీసుకెళ్ళి రోడ్డు పక్కన పడుకున్నాడని వకీలు వాదించాడు. ఉదయం బండిని పోర్టికోలోకి తెచ్చింది బావమరిదే కదా అన్నాడు. ఇది తమ మాట కాదని, ఏ సంబంధమూ లేని ప్రయాణికులు అభిమానంతో రాసిన మాటని చెప్పాడు.

"ఇది నిజమేనా?" అని అధికారి తొందరని అడిగాడు.

"కాదు సార్. ఆ మాట వాళ్ళకి నేను చెప్పాను."

"ఎందుకు?"

"పెద్దావిడ చూస్తానంది. మెట్లు దిగబోయింది. చెప్పొద్దని మా సార్ ఫోన్లో అన్నారు."

"నిన్న సాయంత్రం వెళ్ళిపోయాడని చెప్పమన్నది కూడా ఆయనేనా?"

తొందర యజమాని వైపు చూశాడు. యజమాని నేల వైపు చూస్తున్నాడు.

"కాదు సార్. అది నేనే అన్నాను."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడండి, మీరు చెప్పేది నిజమే అయ్యుండచ్చు. నా ముందు మాత్రం ఆ రోజు మీరన్న మాట ఒకటుంది, ఈ రోజు మీరంటున్న మాట ఒకటుంది. రెండూ మీవే. నేను దేన్ని నమ్మాలి?" అన్నాడు. ఆ ప్రయాణికుల చేత ఏమన్నా రాయించి తెస్తే చూస్తానని ఇంకో వాయిదా ఇచ్చాడు.

బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటాక తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వే అన్నావా?" అంది.

"నేనే అక్కా."

"ఆవిడ చూస్తానందా?"

"మెట్టు మీద కాలు కూడా పెట్టింది."

అక్క కిటికీ వైపు తిరిగింది.

"చూడనివ్వాల్సిందిరా," అంది.

పార్టీ నంబరు నిదానం ఫోన్లో ఉంది. తొందర మర్నాడు ఉదయం చేశాడు. కొడుకు ఎత్తాడు. తొందర ఎవరో చెప్పుకుని, జరిగింది మొదటినుంచి చెప్పాడు. అవతలివైపు తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"నాకు అనుమానంగానే ఉంది," అన్నాడు కొడుకు. "డిక్కీలో బూట్లు చూశాను. బూట్లు లేకుండా ఎవరు ఇంటికెళ్తారు? తర్వాత ఆ ఫోన్."

"మరి అడగలేదేమండీ?"

"వెనక అమ్మ ఉంది."

అధికారి రాయించి తెమ్మన్న సంగతి తొందర చెప్పాడు.

"ఏం రాసివ్వమంటారు?" అన్నాడు కొడుకు. "రాత్రి ఏడింటికి మమ్మల్ని దింపాడు, పొద్దున ఏడింటికి రెడీగా ఉంటానన్నాడు. అది రాస్తాను. బూట్లు చూశానని రాస్తాను. తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. నాకు తెలిసిందల్లా మీరు చెప్పిందే. చూడనిది చూశానని ఎలా రాయను?"

"రాయొద్దండీ. చూసిందే రాయండి."

"రివ్యూ కావాలంటే తీయించేస్తాను."

"దాన్ని ఫైల్లో పెట్టేశారండీ."



"ఒక్క సాయం చెయ్యండి," అన్నాడు కొడుకు. "మా అమ్మకి తెలీనివ్వకండి. ఎప్పుడైనా ఆ ఫోన్‌కి చేస్తుంది. జ్వరం తగ్గిందా అని అడుగుతోంది. ఈ మధ్యే మళ్ళీ ఆస్పత్రి నుంచి వచ్చింది."

"ఏం చెప్పమంటారు?"

"తగ్గిందని చెప్పండి."

కొడుకు అన్నట్టే రాసి పంపాడు. రాత్రి ఏడింటి సంగతి, బూట్ల సంగతి రెండూ అందులో ఉన్నాయి. ఉదయం రెండో డ్రైవర్ తమతో ఏమన్నాడో కూడా ఉంది. చనిపోయినప్పుడు డ్యూటీలో ఉన్నట్టు గానీ, హోటల్ ఆవరణలో ఉన్నట్టు గానీ రుజువు కాలేదని అధికారి దరఖాస్తు కొట్టేశాడు. అప్పీలుకి వెళ్ళవచ్చని సంఘం వాళ్ళు అన్నారు. గడువు దాటేదాకా ఎవరూ వెళ్ళలేదు. అక్క విమానాశ్రయం రోడ్డులో ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతికే పనికి చేరింది.

కేసు దాకా వెళ్ళిన డ్రైవర్ని ఇంకో ఏజెన్సీ ఏదీ తీసుకోలేదు. సీజన్ మొదలయ్యాక పాత యజమానే కబురు పెట్టాడు. ఘాట్ తెలిసిన డ్రైవర్లు అతనికి తక్కువ పడ్డారు.

"నా మీద కేసు వేశావు," అన్నాడు యజమాని. "నేను మనసులో పెట్టుకోలేదు. నువ్వూ పెట్టుకోకు." నిదానం నడిపిన బండి తాళమే ఇచ్చాడు. "ఇంకోటి. ఆ రివ్యూ చదివి జనం నిదానమే కావాలని అడుగుతున్నారు. సెలవులో ఉన్నాడని చెప్పు."

మొదటి ట్రిప్పులో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. బండి ఎక్కగానే భర్త అడిగాడు.

"నిదానంగా నడుపుతారట, మీరేనా?"

"కాదండీ. ఆయన సెలవులో ఉన్నారు."

"జ్వరం వచ్చిందని రాశారు. తగ్గిందా మరి?"

వెనక పిల్లలు కిటికీ సీటు కోసం కొట్టుకుంటున్నారు.

"తగ్గిందండీ," అన్నాడు తొందర.

వాళ్ళకి బుక్ చేసింది అదే హోటల్. సాయంత్రం అతను పార్టీని పోర్టికోలో దింపాడు. లిఫ్టు దగ్గర నించున్న కుర్రవాడు పెట్టెలు అందుకున్నాడు. సెల్లార్ ర్యాంపు దగ్గర కొత్త బోర్డు ఉంది. కార్లలో డ్రైవర్లు నిద్రించరాదు, హోటల్ బాధ్యత వహించదు అని దాని మీద రాసి ఉంది. మెట్ల పైన బాణం గుర్తు బోర్డుకి కొత్త రంగు వేశారు. తొందర మెట్లు దిగి చూశాడు. గదికి తాళం వేసి ఉంది. కిటికీలోంచి కుర్చీలు కనిపించాయి.

డ్రైవర్లు గేటు బయట రోడ్డు మీద బళ్ళు వరసగా ఆపుకున్నారు. పడుకునే ముందు అద్దం రెండు వేళ్ళంత దించుకోవాలని ఒకరికొకరు చెప్పుకున్నారు. తొందర బండి గేటు నుంచి మూడోది.